బట్టతల మందు – యువకుల తొందర

కొండకల్, మొయినాబాద్, చేవెళ్ల ప్రాంతముల యువకులలో కొందరికి జుట్టు పలుచబడుట పెద్ద మనోవేదన. పెండ్లిచూపుల భయము దానికి తోడు. ఈ వేదనను పరిహసించుట మాకు సమ్మతము కాదు. కాని మిత్రుని మాటపై దుకాణమున మాత్రలు కొని మ్రింగుటను మేము అంగీకరింపజాలము.

ఫినాస్టెరైడు 1992లో ప్రోస్టేటు గ్రంథి వాపునకు 5 మిల్లీగ్రాముల మాత్రగాను, 1997లో బట్టతలకు 1 మిల్లీగ్రాము మాత్రగాను అమెరికాలో అనుమతి పొందినది. వెంట్రుకల కుదుళ్లను క్షీణింపజేయు డి.హెచ్.టి. అను హార్మోనును ఇది తగ్గించును. గుణము కనబడుటకు కొన్ని మాసములు పట్టును. మానినచో ఆ గుణము నిలువదు. కొందరికి లైంగిక దౌర్బల్యము, మనోవ్యాకులత కలుగవచ్చును. ఆత్మహత్యా తలంపులు సైతము దీని దుష్ఫలితమని 2025లో ఐరోపా ఔషధ సంస్థ ధ్రువపరచినది.

చౌక యని 5 మిల్లీగ్రాముల మాత్రను ఇంట ముక్కలు చేయువారున్నారు. ఆ పొడి గర్భవతియైన వదినకు తగిలినచో కడుపులోని మగశిశువునకు ముప్పు కలుగవచ్చును. ఈ మందు వాడువారు మానిన పిదప ఒక మాసము గడువక రక్తదానము చేయరాదనుటకు కారణమిదియే. కళాశాల రక్తదాన శిబిరములలో సిగ్గుపడి దీనిని దాచరాదు.

'నీమ్ హకీమ్, ఖత్రయె జాన్' అని ఉర్దూ సామెత. అరకొర వైద్యుడు ప్రాణాపాయమని భావము. చర్మవైద్యుని చీటీ లేనిదే ఈ మాత్ర ముట్టరాదు. మనసు క్రుంగినచో వెంటనే మందు ఆపి ఆయనకు తెలుపవలెను. జుట్టు రాలుట వ్యాధి కాకపోవచ్చును. తెలియని మందు వ్యాధిని తేగలదని మా అభిప్రాయము.