మోకాలికి అరువు తాడు

2022 డిసెంబర్ 30న కారు ప్రమాదంలో గాయపడిన క్రికెటర్ రిషభ్ పంత్ మోకాలి లిగమెంట్ల ఆపరేషన్ తర్వాత మళ్లీ మైదానంలో దిగింది 2024 మార్చిలో. బోర్డు అండ, వెన్నంటి ఫిజియోలు ఉన్న ఆటగాడి సంగతి అది. స్పోర్ట్స్ కోటా ఉద్యోగం మీద ఆశతో కబడ్డీ ఆడే పల్లెటూరి కుర్రాడికి మోకాలు 'టక్'మంటే? ఆపరేషన్ ఖర్చెంత అని అడుగుతాడు. కొత్త లిగమెంటు ఎక్కడి నుంచి తీస్తారన్నది మాత్రం చాలామందికి తోచని ప్రశ్న.

తొడ ఎముకను, కింది కాలి ఎముకను మోకాలి మధ్యలో కట్టి ఉంచేది ఏసీఎల్. అది పూర్తిగా తెగితే మామూలు కుట్లతో అతకదు. అందుకే మరోచోటి టెండన్‌ను తీసి, ఎముకలకు రంధ్రాలు చేసి బిగిస్తారు. అంటే ఒకచోట లోటు చేసి ఇంకోచోట పూడ్చడమే.

మోకాలిచిప్ప కింది టెండన్‌లో మధ్య మూడో వంతును రెండు కొసలా ఎముక ముక్కలతో సహా తీయడం పాత పద్ధతి. ఎముకకు ఎముక త్వరగా అతుక్కుంటుంది కాబట్టి పోటీ క్రీడాకారులకు చాలామంది సర్జన్లు దీన్నే ఇష్టపడతారు. చిక్కల్లా మోకరిల్లితే నొప్పి మిగిలిపోవచ్చు. కాగితం మీద ఇదో చిన్న ఇబ్బంది. నమాజు చేసేవారికి, టైల్స్ పరిచే మేస్త్రీకి మాత్రం రోజువారీ బతుకు.

మన దేశంలో ఎక్కువగా వాడేది తొడ వెనకాలి హామ్‌స్ట్రింగ్. రెండు టెండన్లను తీసి నాలుగు పేటలుగా మడుస్తారు. మోకరిల్లడానికి ఇబ్బంది తక్కువ. కానీ సన్నటి ఒళ్లున్న వారిలో, ముఖ్యంగా స్త్రీలలో, ఈ పేట 8 మిల్లీమీటర్ల మందానికి చేరకపోవచ్చు. అంతకన్నా సన్నమైతే మళ్లీ తెగే ప్రమాదం ఎక్కువ. 618 మంది యువ రోగులపై జరిపి 2020లో ప్రచురించిన అధ్యయనంలో, ఈ గ్రాఫ్ట్‌కు తోడుగా మోకాలి బయటివైపు మరో పట్టీ బిగిస్తే రెండేళ్లలో తెగినవి 11 శాతం నుంచి 4 శాతానికి తగ్గాయి. ఆటకు తిరిగి వెళ్లాలనుకునే రోగి ఈ సంగతి డాక్టరును అడిగి తీరాలి.

చీలమండ దగ్గరి పెరోనియస్ లాంగస్ వైపు కొన్నేళ్లుగా మన సర్జన్లు మొగ్గుతున్నారు. మోకాలి దగ్గర రెండో గాయం ఉండదన్నది వారి వాదన. దీర్ఘకాలిక ఫలితాల లెక్కలు పోగయ్యేదాకా కాస్త ఆచితూచి ఒప్పుకోవడం మంచిది. ఇక మృతుల నుంచి సేకరించే టెండన్లు. 1994 నాటి అవయవ మార్పిడి చట్టంలో 2011 సవరణతో కణజాలాన్నీ చేర్చారు. అవి దొరకలేదని యువ ఆటగాళ్లు బాధపడాల్సిన పనిలేదు. ఆ వయసులో అవే ఎక్కువగా తెగుతున్నాయి.

ఏది ఎంచుకున్నా ఆ అరువు తాడు లిగమెంటుగా మారడానికి నెలలు పడుతుంది. మొదట్లో అది బలహీనపడుతుంది కూడా. ఆటకు తిరిగి రావడాన్ని తొమ్మిది నెలల వరకు వాయిదా వేసిన కొద్దీ, ఒక్కో నెలకు మళ్లీ గాయపడే రేటు దాదాపు సగానికి తగ్గుతూ వచ్చిందని 2016 నాటి నార్వే, అమెరికా పరిశోధకుల అధ్యయనం చెప్పింది. ఆరో నెలలోనే సెలక్షన్ ట్రయల్స్ ఉంటే కోచ్ ఆగుతాడా?

మేస్త్రీకి మరో దారీ ఉంది. 2010లో ప్రచురితమైన స్వీడన్ అధ్యయనంలో వ్యాయామంతో మొదలుపెట్టి అవసరమైతేనే ఆపరేషన్ అన్న బృందంలో, ఐదేళ్లు గడిచినా సుమారు సగం మంది కత్తి జోలికి వెళ్లలేదు.