అటక మీది పళ్లపొడి డబ్బా

మొన్న పుట్టింట్లో అటక దులుపుతుంటే అమ్మమ్మ వాడిన పళ్లపొడి రేకు డబ్బా దొరికింది. "పాత ఇనుప సామానువాడికి వేసెయ్యమ్మా" అంది మా అమ్మాయి. వెయ్యలేదు. ఇప్పటికి ఇలాంటివి పదకొండు పోగేశాను. మా చిన్నప్పటి గులాబీరంగు గోపాల్ పళ్లపొడి, నాన్న వాడిన తెల్లటి కోల్గేట్ పొడి... అన్నీ అరచేతిలో పోసుకుని చూపుడువేలితో తోముకున్నవే.

చూసినవాళ్లు "ఆ రోజులే వేరు!" అని మురిసిపోతారు. నేను మాత్రం ఒప్పుకోను. అమ్మమ్మ పొడిలో పొగాకు ఉండేది. పంటినొప్పికని మొదలుపెట్టి, చివరికి రోజుకు నాలుగైదుసార్లు రుద్దేది. ఆ పొడి లేకపోతే తలనొప్పి, చిరాకు. పళ్లు తోముకోవడమే కదా అని ఇంట్లో ఎవరూ దాన్ని వ్యసనం అనుకోలేదు. యాభై దాటేసరికి ఆమె నోట్లో పళ్లు మిగల్లేదు. ఆమె పోయిన నాలుగేళ్లకి, 1992లో, పళ్లపొడుల్లో, పేస్టుల్లో పొగాకు కలపకూడదని ప్రభుత్వం నిషేధించింది.

అందుకే ఆ డబ్బాని తోమి మెరిపించలేదు. పొడిగుడ్డతో తుడిచి, లోపల ఓ చీటీ పెట్టాను: ఎవరు వాడారు, ఎందుకు, ఏమైంది.

మీ అటక మీదా ఇలాంటిది ఉండే ఉంటుంది. పారేసే ముందో, అలంకరించే ముందో, ఇంట్లో పెద్దవాళ్లని ఒక్కసారి అడగండి.