అమీబాగర్భమున దాగిన సూక్ష్మజీవులు

ప్రయోజనము వెంటనే కంటికి గానరాని విద్యకు ప్రజాధనము వెచ్చించుట వృథా యని తలంచువారు అన్ని దేశములందును గలరు. మడుగునీటిలోని అమీబాను, దాని కడుపులో కాపురముండు బాక్టీరియాను పరిశోధించి నామకరణము చేయువారిని జూచిన వారికి నవ్వు వచ్చును. ఆ నవ్వు అవివేకమని శాస్త్రచరిత్రమే చాటుచున్నది.

అమీబా ఏకకణజీవి. నీటియందును మంటియందును సంచరించుచు బాక్టీరియాను చుట్టుముట్టి మ్రింగి జీర్ణించుకొనును. కాని కొన్ని బాక్టీరియా మ్రింగబడియు చావవు. ఆ కడుపులోనే వృద్ధిచెంది, తుదకు ఆశ్రయమిచ్చిన జీవినే పగులగొట్టుకొని వెలువడును. పోలండుదేశీయుడగు ద్రొజాన్‌స్కీ మంటిలోని అమీబాలను చంపు ఇట్టి బాక్టీరియా నొకదానినిగూర్చి 1956లో ప్రకటించెను. పోషకద్రవ్యము నింపిన గాజుపళ్లెములలో అది పెరుగలేదు. సజీవమగు అమీబాయే దానికి పొలము. 1991 వరకును దానికి శాస్త్రీయనామమైన లేకుండెను.

ఇంతలో 1976 జూలైలో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున మాజీసైనికుల మహాసభ జరిగెను. సభ జరిగిన హోటలునకు వచ్చినవారిలోను, దాని ప్రక్కవీధిని నడచినవారిలోను 221 మంది వ్యాధిగ్రస్తులైరి. 34 మంది మరణించిరి. న్యుమోనియా యని తెలిసినను కారణమేమో నెలలతరబడి తెలియలేదు. మామూలు పళ్లెములు మౌనము వహించెను. 1977 జనవరిలో గాని దోషి పట్టుబడలేదు. లెజియొనెల్లా యని దానికి పేరిడిరి. ఇది అమీబాలలో జొచ్చి పెరుగునని 1980లో ఇంగ్లండునందలి లీడ్సు ప్రజారోగ్య ప్రయోగశాలకు చెందిన రోబాతమ్ చూపెను. మన ఊపిరితిత్తులకు కాపుగాయు కణములును క్రిములను అమీబావలెనే మ్రింగును. అమీబాను గెలిచిన విద్యయే అచ్చట మనుష్యుని గెలుచుటకు పనికివచ్చుచున్నది.

అనంతరము ఒక న్యుమోనియారోగి కఫమును అమీబాలతో చేర్చి పెంచగా, పళ్లెములో పెరుగని బాక్టీరియా యొకటి బయల్పడెను. జన్యుపరీక్షలో అది పోలండు మంటిలో దొరికిన జాతియే యని తేలెను. 1996లో ఆ జాతిని లెజియొనెల్లా కుటుంబమున చేర్చిరి. నలువదియేండ్ల క్రిందట మంటిని శోధించినవాడు ఈ రోగినిగూర్చి కలనైన తలంచి యుండునా?

అయినను తొందరపాటు తగదు. అమీబాలో దొరికినదెల్ల రోగకారకము కాదు. బాక్టీరియావలె గాన్పించినదెల్ల బాక్టీరియాయు గాదు. 1992లో బ్రాడ్‌ఫర్డు నగరపు నీటిగోపురమునుండి తీసిన అమీబాలో నుండిన జీవిని బాక్టీరియాగా భావించిరి. అది మహాకాయమగు వైరసని 2003లో ఫ్రెంచి శాస్త్రజ్ఞులు నిరూపించిరి. ఆ నమూనాను వ్యర్థమని పారవేసి యుండినచో ఈ సత్యము వెలువడి యుండునా?

న్యాయస్థానమున సాక్షి రాలేదన్నంతమాత్రమున నేరమే జరుగలేదని యెవ్వరును తీర్పు చెప్పరు. పళ్లెము శూన్యమైనంతమాత్రమున రోగకారకము లేదని తీర్పు చెప్పుటయు నట్టిదే. పైగా అమీబా గట్టిపెంకు గట్టుకొన్నప్పుడు దానిలోని లెజియొనెల్లా, లీటరునకు 50 మిల్లీగ్రాముల క్లోరినును సహించి బ్రతికినదని 1990లో తేలినది. పెద్ద భవనముల నీటితొట్లను, గాలిని చల్లబరచు యంత్రముల నీటిగోపురములను కనిపెట్టి యుండువారు ఈ విషయమును మరువరాదు.

కావున ప్రతి ప్రజారోగ్య ప్రయోగశాలయందును అమీబాలను పెంచి పరీక్షించు నేర్పు నిలిచియుండవలెననియు, గుర్తింపరాని నమూనాలను భద్రపరుపవలెననియు, ఫలమెప్పుడని యడుగక ఇట్టి పరిశోధకులను పోషింపవలెననియు మా దృఢాభిప్రాయము. రోగము ప్రబలిన పిమ్మట శాస్త్రజ్ఞులకై వెదకుట, ఇల్లంటుకొన్న పిమ్మట బావి త్రవ్వుటయే యగును.