తుక్కుగూడ దిక్కు చూడరాదూ?

నల్లకుంటలో ఐదేళ్లు ఉన్న డబుల్ బెడ్‌రూం ఫ్లాటు ఖాళీ చేసిన రోజు ఓనర్ అంకుల్ మా అడ్వాన్సులోంచి ఒక నెల కిరాయి పట్టుకున్నారు. పెయింటింగ్ చార్జీలట. మేం దిగిన నాటికే ఆ గోడలు పెచ్చులూడుతున్నాయి. పై ఫ్లాటు బాత్రూం నుంచి నీళ్లు దిగి హాల్ సీలింగ్ మీద పెద్ద మరక కట్టింది. "అంకుల్, అది మేం చేసింది కాదు కదా" అన్నాను. ఆయనేం కోప్పడలేదు. పాపం, ప్రేమగానే అన్నారు: "ఇంకెన్నాళ్లమ్మా ఈ కిరాయి బతుకు? తుక్కుగూడ దిక్కు ఏదన్నా చూడరాదూ?"

నేను అడిగింది పెయింటింగ్ గురించి. ఆయన చెప్పింది ఫ్లాట్ కొనడం గురించి. ఈ ఊళ్లో కిరాయిదారు ఏం అడిగినా వచ్చే జవాబు ఇదే. మోటరు పాడైందా? కొనుక్కోండి. కులం అడిగారా? కొనుక్కోండి. పదకొండు నెలలకే అగ్రిమెంట్ తిరగరాసి కిరాయి పెంచారా? అందుకే కొనుక్కోమనేది!

తుక్కుగూడ మీద నాకేం కోపం లేదు. ఔటర్ రింగు రోడ్డూ శ్రీశైలం హైవే కలిసే చోటు, ఎయిర్‌పోర్టు దగ్గర, పక్కనే ఫ్యాబ్ సిటీ. అక్కడ పనిచేసేవాళ్లకు అక్కడ ఇల్లు కావాలి. కానీ నా ఉద్యోగం, అత్తమ్మ చూపించుకునే ఆస్పత్రి, నేను పుస్తకాలు తెచ్చుకునే చిక్కడపల్లి లైబ్రరీ అన్నీ ఇక్కడున్నాయి. దాదాపు పాతిక కిలోమీటర్ల అవతల ఫ్లాటు కొంటే ఇవన్నీ నా వెంట వస్తాయా?

సర్కార్లు చెప్పేదీ అంకుల్ చెప్పేదీ ఒకటే. పోయిన సర్కారు 560 చదరపు అడుగుల డబుల్ బెడ్‌రూం ఇళ్లు ఇస్తానంది. అన్నిటికంటే పెద్ద కాలనీ, పదిహేను వేలకు పైగా ఇళ్లు, ఔటర్ పక్కన కొల్లూరులో కట్టింది. 2023 సెప్టెంబర్ 17న కాంగ్రెస్ ఆరు గ్యారంటీలు ప్రకటించింది సరిగ్గా ఈ తుక్కుగూడలోనే. అందులో ఇళ్ల గ్యారంటీ అంటే ఇంటి జాగా, కట్టుకోవడానికి 5 లక్షలు. ఇల్లు లేనివాళ్లకు ఇల్లు ఇవ్వాల్సిందే, కాదన్నవాళ్లెవరు? కానీ కిరాయికి ఉన్నవాళ్లు ఉన్నచోటే గౌరవంగా ఉండాలన్న మాట ఆ గ్యారంటీలో ఎక్కడుంది?

చట్టం లేదా అంటే ఉంది. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం. 2005లో దాన్ని సవరించి, కార్పొరేషన్ పరిధిలో నెలకు 3,500 రూపాయలు దాటిన అద్దెలను బయట పెట్టారు. డబుల్ బెడ్‌రూం దేవుడెరుగు, నల్లకుంటలో ఆ డబ్బుకి ఒక మంచి గది దొరికితే నాకు చెప్పండి. ఇక మిగిలింది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. రాతకోతలు లేకపోతే 15 రోజుల నోటీసుతో ఖాళీ చేయించొచ్చు.

ఇంకో సంగతి. ఓనరు మున్సిపల్ పన్ను తీసేశాక మిగిలిన అద్దె ఆదాయంలో 30 శాతం మీద ఆదాయపు పన్ను కట్టక్కర్లేదు. రిపేర్లూ గట్రా ఖర్చులకని ఆ మినహాయింపు. పైసా ఖర్చు పెట్టకపోయినా అది వర్తిస్తుంది. అంటే రిపేరు పేరు మీద సర్కారు దగ్గర ఒకసారి, పెయింటింగ్ పేరు మీద నా దగ్గర ఇంకోసారి! కేంద్రం 2021 జూన్‌లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం గోడలకు సున్నం వేయించడం, తలుపులూ కిటికీలకు రంగు వేయించడం ఓనరు బాధ్యతల్లో రాసింది. ఇంటికి అడ్వాన్సు రెండు నెలలు దాటొద్దంది. ఇంట్లోకి రావాలంటే 24 గంటల ముందు చెప్పాలంది. అయితే అది నమూనా. రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే దానికి విలువ.

మరి మనమెందుకు అడగం? నా ఉద్దేశంలో, మనల్ని మనం కిరాయిదారులమని ఒప్పుకోం కాబట్టి. "తాత్కాలికం, రెండేళ్లలో సొంతది" అంటాం. ఇవాళ్టి కిరాయిదారు రేపటి ఓనరు. నా స్నేహితుల్లో కొందరు తుక్కుగూడ వైపు కొన్నారు కూడా. దూరమని దాన్ని కిరాయికిచ్చి, వాళ్లు మాత్రం ఇక్కడే కిరాయికుంటున్నారు. ఖాళీ చేసేవాళ్ల దగ్గర పెయింటింగ్ చార్జీలు పడతారా అని ఒకతన్ని అడిగాను. "అందరూ పడుతున్నారు కదా" అన్నాడు.

2011 జనగణన నాటికే దేశంలోని పట్టణ కుటుంబాల్లో నాలుగో వంతుకు పైగా అద్దె ఇళ్లలో ఉన్నాయి. జర్మనీలో సగానికి పైగా జనం అద్దెకే ఉంటారు, అదేదో జబ్బని ఎవరూ అనుకోరు. జీవితాంతం కిరాయికి ఉండటం కూడా ఒక బతుకే. దానికి రసీదు కావాలి, రాతపూర్వక ఒప్పందం కావాలి, ఒక చట్టం కావాలి. ఓటు అడగడానికి వచ్చేవాళ్లను ఇది అడగడం మొదలుపెడదాం.

మేం ఖాళీ చేసిన నెలకు నా స్నేహితురాలు టూలెట్ బోర్డు చూసి అదే ఫ్లాటుకు వెళ్లింది. అక్కడి నుంచే ఫోటో పంపింది. కిరాయి రెండు వేలు పెరిగింది. సీలింగ్ మీద మరక మాత్రం అట్లనే ఉంది. "దిగేముందు ప్రతి గోడా ఫోటో తీసుకో, పెయింటింగ్ ఎవరిదో అగ్రిమెంట్‌లో రాయించు" అన్నాను. రాయమంటే అంకుల్ నవ్వారట. తనకూ తుక్కుగూడ సంగతి చెప్పారట.