ఆబ్సెంట్ వేసింది మేమే

2020లో కరోనాకి బడి మూతపడ్డాక, మార్కాపురంలో మేం టీచర్లం క్లాసుకో వాట్సాప్ గ్రూపు పెట్టాం. అందులో కనబడని పిల్లలకు ఆబ్సెంట్ వేశాం. ఫోన్ లేని ఇల్లు ఏదో కనుక్కోకుండానే వేశాం.

పదో తరగతి పిల్లాడొకడు రోజూ రాత్రి పదింటికి హోంవర్క్ ఫొటోలు పంపేవాడు. నేను పెట్టిన గడువు సాయంత్రం ఐదు. ‘లేట్’ అని రాసి వాడి పేరు పక్కన ఎర్రగీత కొట్టేవాణ్ణి. “ఏరా, పగలెందుకు పంపట్లేదు?” అని ఒక్కనాడూ అడగలేదు. నవంబరు 2న బడి తెరిచాక ఎదురుగా నిలబడ్డాడు. గోళ్ల సందుల్లో కడిగినా పోని బూడిదరంగు పొడి, బొటనవేలికి గుడ్డపీలిక. పలకల పనికి పోయాడట. “నాయన ఇంటికొచ్చినాకే సార్, ఫోను” అన్నాడు. ఎన్నో ఊళ్ల పిల్లలు అక్షరాలు దిద్దిన పలకలు మా మార్కాపురం రాళ్లే. ఆ రాయి మోసిన పిల్లాడికి నేను ఎర్రగీతలు కొట్టాను.

మాకు తెలియక జరిగింది కాదిది. వానల్లేక, వెలిగొండ ప్రాజెక్టు నీళ్లు రాక, ఏటా మూటాముల్లె సర్దుకుని హైదరాబాద్‌కో, బెంగళూరుకో, గుంటూరు వైపు మిరపకోతలకో పోయే నేల మాది. గిద్దలూరులో, కంభంలో, దోర్నాలలో పాఠం చెప్పే ఎవరికైనా ఇది తెలుసు. అయినా స్టాఫ్‌రూమ్‌లో “వీళ్లకు శ్రద్ధ లేదు” అనే అనుకున్నాం. నల్లమల గూడేల్లో సిగ్నల్ ఉండదంటే, సప్తగిరి ఛానల్లో పాఠాలు వస్తున్నాయిగా అన్నాం. ఆ గుడిసెల్లో టీవీ ఉందా అని చూసిరాలేదు.

మరుసటేడు పది, ఇంటర్ పరీక్షలు జరిపి తీరతామని ప్రభుత్వం పట్టుబడితే మాలో చాలామందిమి తలూపాం. ప్రాణం పోతే రాష్ట్రానిదే బాధ్యత అని సుప్రీంకోర్టు గట్టిగా చెప్పాక, జూన్ 24న రద్దు చేశారు. పరీక్ష ఉండాలనే ఇప్పటికీ నా అభిప్రాయం. కానీ రాయాల్సిన పిల్లల ఇళ్లలో ఎవరు మంచాన పడ్డారో, ఎవరు పోయారో మా చర్చల్లో ఒక్కసారీ రాలేదు. సరే, పరీక్ష మా చేతిలో లేదు. గడువు రెండు రోజులు పెంచడానికి, ఒక ఎర్రగీత తీసెయ్యడానికి ఏ జీవో కావాలి? ఏ కోర్టు చెప్పాలి? పెన్ను మా జేబులోనే ఉంది.

ఆ ఏడాది అందరితోపాటు వాడూ పాసయ్యాడు. ఇంటర్‌లో మాత్రం చేరలేదు.

సంక్రాంతి వెళ్లాక మళ్లీ మిరపకోతలకు బళ్లు కదులుతాయి. మళ్లీ బెంచీలు ఖాళీ అవుతాయి. సార్లూ, టీచరమ్మలూ, ఆబ్సెంట్ వేసేముందు ఆ ఇంటిదాకా ఒక్కసారి వెళ్లి రండి.