లెక్కలను బొమ్మలుగా పంపవద్దు

మన వారపత్రిక కాగితముమీద అచ్చగుటతో పాటు చరవాణులకును పోవుచున్నది. రామయ్యపట్నమునుండి బ్రదుకుతెరువునకై దూరప్రాంతములకు పోయిన మనవారికి ఆ చరవాణి ప్రతియే దిక్కు. అందులో పిల్లలకొఱకు వేయుచున్న గణితపు పుటను గూర్చి మేము కొన్ని మాటలు చెప్పదలచితిమి.

ఆ పుటలోని సమీకరణములన్నియు బొమ్మలుగా వచ్చుచున్నవి. చిన్న తెరమీద బొమ్మ కుదించుకొనిపోవును. పెద్దది చేసినచో మసకబారును. 2 మీద ఘాతముగా నున్న 5 సరిగా కనబడక, పిల్లవాడు దానిని 25 అని చదువును. నిజమునకు దాని విలువ 32. చిట్టాలో ఒక్క అంకె చెదరినను వర్తకుడు రాత్రి నిద్రపోడు. పిల్లల లెక్క చెదరినచో మనము ఊరకుండుట ఎట్లు? కంటిచూపు లేని విద్యార్థి సంగతి మఱియు కష్టము. తెరపై నున్నదానిని చదివి వినిపించు సాధనము బొమ్మలోని సమీకరణమును చదువజాలదు.

లిక్స్ వంటి కూర్పు సాఫ్ట్‌వేరులో దీనికి మార్గము కలదు. పత్రపు సెట్టింగులలో గణితమును ఏ రూపమున వెలువరింపవలెనో ఎన్నుకొనవచ్చును: మ్యాథ్‌ఎమ్ఎల్, హెచ్‌టిఎమ్ఎల్, బొమ్మలు, లేటెక్ అని నాలుగు తెఱగులు. మొదటిదానిలో ఘాతము ఘాతముగానే, భిన్నము భిన్నముగానే గుర్తింపబడి పోవును. బొమ్మలనే ఎన్నుకొనుటకు ఒకప్పుడు కారణము లేకపోలేదు. మ్యాథ్‌ఎమ్ఎల్ 1998లోనే ప్రమాణముగా వెలువడినను, పెక్కుమంది వాడు క్రోమ్ చాలకాలము దానిని చూపలేదు. 2023 జనవరిలో వచ్చిన 109వ కూర్పునుండి చూపుచున్నది. కారణము పోయినను అలవాటు మిగిలినది. పాత చరవాణులు గలవారు కొందఱున్నారన్నమాట నిజమే. వారికి పీడీఎఫ్ ప్రతి వేఱుగా పంపవచ్చును.

రేఖాగణితపు పటముల సంగతి కొంత చిక్కైనది. గీతలతో కూడిన త్రిభుజమును ఎస్‌విజి రూపమున పంపినచో ఎంత పెద్దది చేసినను గీత చెదరదు. ఛాయాచిత్రములకు జెపెగ్ చాలును. కాని పటములోని తెలుగు అక్షరములను గీతలుగా మార్చవలెనా, అక్షరములుగానే ఉంచవలెనా? మార్చినచో రూపము చెడదు గాని వెదకుటకు దొరకవు. ఉంచినచో చరవాణిలోని అక్షరరూపమును బట్టి కొంచెము అటునిటు జరుగును. జరిగినను సరే, అక్షరములుగానే ఉంచుట మేలని మా అభిప్రాయము. అయితే అవి యూనికోడ్‌లో ఉండవలెను. పాత ఫాంట్లు రోమను అక్షరముల స్థానములలో తెలుగు రూపములను ఇముడ్చుకొన్నవి. వానిని ఎగుమతి చేసినచో తెలుగునకు మాఱుగా అర్థములేని రోమను అక్షరములు కనబడును. మన పాత సంచికలు చరవాణిలో పుటలకు పుటలు బొమ్మలైనది ఇందువలననే.

1956 నాటి ఏడవ సవరణచే రాజ్యాంగమున చేరిన 350ఎ అధికరణము, భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషాబోధనకు తగిన వసతులు కల్పింప యత్నింపవలెనని రాష్ట్రములకు చెప్పుచున్నది. ఆ వసతులకై అర్జీలు పెట్టు మనము, మన చేతనున్న పుటను మన పిల్లలకు చదువరాని రీతిని పంపుట మాకు సిగ్గుగా నున్నది.

ఇందుకు సొమ్ము అక్కఱలేదు, లిక్స్ ఉచితము. కావలసినది కూర్పరి ఒక పూట ఓపిక. రాబోవు సంచికలోని గణితపు పుటను మ్యాథ్‌ఎమ్ఎల్‌తో సిద్ధము చేసి, వెలువరించుటకు ముందు పాతదొకటి, క్రొత్తదొకటి, రెండు చరవాణులలో చూడవలెనని కార్యవర్గమును కోరుచున్నాము. కుదిరిన సెట్టింగులను ఒక కాగితముమీద వ్రాసి కూర్పు బల్లయొద్ద అంటింపుడు. కూర్పరి మాఱినప్పుడు అది పనికివచ్చును.