అభిమాని చేతి త్రాసు

ఆట చూచువారిలో రెండు తెగలవారు కలరు. ఆట ముగియగానే ఇంటికి పోయి దానిని మరచువారు కొందరు. ఇంటికి పోయిన పిమ్మట గూడ ఆటగాండ్రను ఒక్కొక్కరిని నిలువబెట్టి, వీడు పనికివచ్చును, వాడు పనికిరాడు అని తీర్పు చెప్పువారు మరికొందరు. ఈ రెండవ తెగవారినే అభిమానులందురు. తెలుగునాట క్రికెట్టు పోటీ ముగిసిన మరునాడు టీ దుకాణములయొద్దను, రైలుపెట్టెలలోను, బడి వరండాలలోను ఇట్టి తీర్పులు వినబడుచునే యుండును. అమెరికా దేశమున బేస్‌బాలు ఆట విషయమున నట్లే జరుగును. ఆ దేశమున గూడ బోస్టన్ నగరపు అభిమాని ఈ విద్యలో పేరుమోసినవాడు.

బోస్టన్ జట్టు పేరు రెడ్ సాక్స్. ఎఱ్ఱ మేజోళ్లని ఆ పేరున కర్థము. 1912వ సంవత్సరమున తెరచిన ఫెన్‌వే పార్కు అను మైదానముననే ఆ జట్టు నేటికిని ఆడుచున్నది. ఆ జట్టు 1918లో వరల్డ్ సిరీస్ అను తుది పోటీలలో గెలిచెను. తిరిగి గెలుచుటకు 86 సంవత్సరములు పట్టెను. తాతలు చూచిన విజయమును మనుమలు చూడలేక పోయిరి. ఇంత దీర్ఘకాలము నిరీక్షించిన అభిమానికి జట్టుపై ప్రేమ యెంత మెండో, ఆటగాండ్రపై కోపము నంత మెండు. అతడు వారి విలువను తూచిన తీరు పరిశీలింపదగినది. ఏలయన, ఆ తూకముపై కొందరి గౌరవము, కొందరి జీవితమే ఆధారపడి యుండెను.

ఈ యాట పద్ధతిని కొంచెము తెలిసికొనుట అవసరము. ఒక్కొక్క జట్టున తొమ్మండుగురు ఆటగాండ్రుందురు. పిచ్చరు బంతిని విసరును. బ్యాటు పట్టినవాడు దానిని కొట్టి, నాలుగు బేసులను వరుసగా తాకి వచ్చినచో ఒక పరుగు లభించును. ఒక బేసునుండి మరియొక బేసునకు 90 అడుగుల దూరము. బంతిని కంచె దాటునట్లు కొట్టి, నాలుగు బేసులను నిర్భయముగా చుట్టివచ్చుటను హోమ్‌రన్ అందురు. బ్యాటు పట్టి పది మారులలో మూడు మారులు బంతిని చక్కగా కొట్టి బేసు చేరగలవాడు ఈ యాటలో దిట్టయని పేరొందును. అనగా ఎంతటి దిట్టయైనను పదింట ఏడు మారులు తల వంచుకొని వెనుకకు రావలసినదే. వైఫల్యమే తరచుగా కనబడు నిట్టి యాటలో మనిషి విలువ కట్టుటకు ఓర్పు కావలయును. బోస్టన్ అభిమాని పెక్కు మారులు ఆ యోర్పును చూపలేదు.

టెడ్ విలియమ్స్ అను నాతడు 1939 మొదలు 1960 వరకు బోస్టన్ జట్టునందే ఆడెను. 1941లో పోటీల ఋతువు ముగియుటకు ఒక్క దినము మిగిలియుండగా అతని సగటు 0.39955. దశాంశములను సవరించినచో అది 0.400 అగును, అనగా పదింట నాలుగు మారులు కృతార్థుడైనట్లు. ఆ కడపటి దినమున ఆడక కూర్చున్నచో ఆ కీర్తికి భంగముండదు. కావలసినచో కూర్చుండవచ్చునని జట్టు నిర్వాహకుడు చెప్పెను గూడ. విలియమ్స్ అందుల కియ్యకొనలేదు. సెప్టెంబరు 28న ఫిలడెల్ఫియాలో జరిగిన రెండు ఆటలలోను ఆడి, ఎనిమిదింట ఆరు మారులు బంతిని కొట్టి, సగటును 0.406 నకు పెంచెను. రెండవ ప్రపంచ యుద్ధమువలన మూడు ఋతువులను, కొరియా యుద్ధమువలన దాదాపు రెండు ఋతువులను అతడు కోల్పోయి, సైనిక విమానచోదకుడుగా పనిచేసెను. ఐనను మొత్తము 521 హోమ్‌రన్లు సాధించెను.

ఇట్టివానిని బోస్టన్ అభిమానులలో పెక్కుమంది ఎగతాళి చేసిరి. అతడు టోపీ ఎత్తి ప్రేక్షకులకు వందనము చేయడనియు, పత్రికలవారితో కలహించుననియు వారి ఫిర్యాదు. 1956లో అతడు కోపము పట్టలేక ప్రేక్షకుల వైపు ఉమ్మివేసెను. జట్టు యాజమాన్యము 5,000 డాలర్ల జరిమానా విధించెను. ఆ చేష్ట తప్పే. దానిని తప్పనిన అభిమాని న్యాయమే పలికెను. కాని తప్పును తప్పనుట వేరు. ఆ తప్పును చూపి ఒకని ఇరువది యేండ్ల శ్రమను కొట్టివేయుట వేరు. 1960 సెప్టెంబరు 28న విలియమ్స్ ఫెన్‌వే పార్కులో కడపటి మారు బ్యాటు పట్టినపుడు మైదానము సగమైనను నిండలేదు. ఆ కడపటి మారు గూడ అతడు హోమ్‌రన్ కొట్టెను. జనము లేచి ఎంత కేకలు వేసినను టోపీ ఎత్తక లోనికి పోయెను. వందనము చేయుట మర్యాదకు సంబంధించిన విషయము. ఆటకు సంబంధించినది కాదు. ఈ రెంటిని ఒకే రాతితో తూచుట అభిమాని చేసిన మొదటి పొరపాటు.

బిల్ బక్నర్ విషయము మరింత బాధాకరము. 1986 అక్టోబరు 25న న్యూయార్కు మెట్స్ జట్టుతో వరల్డ్ సిరీస్ ఆరవ ఆట జరిగెను. బోస్టన్‌వారు పదవ ఇన్నింగ్సున రెండు పరుగుల ఆధిక్యముతో నుండిరి. ఇంకొక్క బంతి సరిగా పడినచో విజయము వారిదే. అపుడు ఎదుటి జట్టువారు వరుసగా మూడు దెబ్బలు కొట్టిరి. బోస్టన్ పిచ్చరు విసరిన ఒక బంతి అదుపు తప్పి పోయినందున స్కోరు సమమయ్యెను. ఆ పిదప నేలబారుగా వచ్చిన ఒక బంతి బక్నర్ కాళ్ల సందున దూరిపోయెను. మెట్స్‌వారు ఆ యాట గెలిచిరి.

ఆ రాత్రినుండి "బక్నర్ మనలను ఓడించెను" అను మాట బోస్టన్‌లో స్థిరపడెను. నిజమున కా బంతి జారిపోవుటకు ముందే ఆధిక్యము పోయియుండెను. ఆ ఋతువంతయు బక్నర్ మడమల నొప్పితో ఆడుచుండెను; జట్టు ముందంజలో నున్నపుడు ఆట చివర అతని చోట మరియొకనిని నిలుపుట వాడుక. ఆనాడు నిర్వాహకుడు అట్లు చేయలేదు. అంతేకాదు, ఆరవ ఆటతో పోటీ ముగియలేదు. ఏడవ ఆటలో బోస్టన్‌వారు మొదట మూడు పరుగులు చేసి ముందుండి, చివరకు 8–5 తో ఓడిరి. ఆ యోటమిలో ఎందరికో పాలున్నది. ఐనను భారమంతయు ఒక్కని తలపై పడెను. అతడు 22 ఋతువులాడి 2,715 మారులు బంతిని కొట్టి బేసు చేరినవాడనియు, ఆ 1986లోనే తన దెబ్బలతో 102 పరుగులు తెచ్చినవాడనియు ఎవరికిని జ్ఞప్తికి రాలేదు. అతనికి బెదరింపులు వచ్చెను. కుటుంబముతో దూరముననున్న ఐడహో రాష్ట్రమునకు తరలిపోయెను. ఇరువదిరెండేండ్ల కష్టము ఒక్క క్షణపు తప్పిదముతో సరిపోవునా? సరిపోవునని పలికిన త్రాసు ములుకు సరిగా నున్నదని యెవరందురు?

2008 ఏప్రిలులో బోస్టన్‌వారు బక్నర్‌ను ఫెన్‌వే పార్కునకు పిలిపించి, ఋతువు తొలి బంతిని అతనిచే వేయించిరి. జనమంతయు లేచి నిలిచి చాలసేపు చప్పట్లు కొట్టెను. అతడు కన్నీరు తుడుచుకొనెను. అది మెచ్చదగిన కార్యమే. కాని అప్పటికి 2004లోను, 2007లోను జట్టు గెలిచియుండెను. గెలిచిన పిదప క్షమించుట తేలిక. ఓడిన రాత్రి న్యాయము పాటించుటయే కష్టము.

అభిమాని తూకము ఎల్లప్పుడు తప్పని మాత్రము చెప్పరాదు. 2004 అక్టోబరు 17న న్యూయార్కు యాంకీస్ జట్టుతో జరిగిన పోటీలలో బోస్టన్‌వారు అప్పటికే మూడు ఆటలు ఓడిరి. నాల్గవ ఆట చివరి ఇన్నింగ్సున గూడ ఒక పరుగు వెనుకబడి యుండిరి. అపుడు డేవ్ రాబర్ట్స్ అను నాతనిని పరుగెత్తుటకు మాత్రమే పంపిరి. అతడు రెండవ బేసును దొంగిలించుటకు పరుగెత్తునని మైదానములోని వారందరికిని తెలియును. ఐనను అతడు వెండ్రుకవాసిలో ఆ బేసు చేరెను. తరువాతివాని దెబ్బతో పరుగు వచ్చి స్కోరు సమమయ్యెను. ఆ యాటను, పిదప వరుసగా మరి మూడింటిని, ఆ మీదట వరల్డ్ సిరీస్‌ను బోస్టన్ గెలిచెను. రాబర్ట్స్ ఆ యాటలో బ్యాటు పట్టనే లేదు. ఆ జట్టున కొన్ని నెలలు మాత్రమే ఉండెను. సగటుల పట్టికలో అతని పని యేమియు కనబడదు. ఐనను ఆ 90 అడుగుల పరుగును బోస్టన్ అభిమాని నేటికిని మరువలేదు. అంకెలకందని విలువను గూడ అభిమాని గుర్తింపగలడనుట కిది నిదర్శనము.

ఇక అన్నింటికంటె పెద్ద పొరపాటు మరియొకటి కలదు. అది మైదానములో నున్నవానిని తప్పుగా తూచుట కాదు. మైదానములోనికి రానీయనివానిని తూకమునకే తేకపోవుట. 1945 ఏప్రిలు 16న జాకీ రాబిన్సన్, శామ్ జెత్రో, మార్విన్ విలియమ్స్ అను ముగ్గురు నల్లజాతి యువకులు ఫెన్‌వే పార్కున పరీక్షకు ఆడి చూపిరి. రెడ్ సాక్స్ యాజమాన్యము వారిలో నొక్కనిని గూడ చేర్చుకొనలేదు. 1947లో బ్రూక్లిన్ జట్టు రాబిన్సన్‌ను చేర్చుకొనెను. అతడు ఆ యేటనే ఉత్తమ నూతన క్రీడాకారుడుగను, 1949లో తన లీగునందు అత్యంత విలువైన ఆటగాడుగను ఎన్నికయ్యెను. జెత్రో 1950లో అదే బోస్టన్ నగరమునందలి బ్రేవ్స్ జట్టున చేరి ఉత్తమ నూతన క్రీడాకారుడని పేరొందెను. రెడ్ సాక్స్ జట్టున నల్లజాతి ఆటగాడు మొదటిసారి ఆడినది 1959లో. నాటి పెద్ద జట్లు పదునారింటిలో నిదియే కడపటిది.

బోస్టన్ విజయమెరుగని ఆ యేండ్లలో అభిమాని ఆటగాండ్రను నిందించెను, నిర్వాహకులను నిందించెను. బేబ్ రూత్ అను మేటి ఆటగానిని యాంకీస్ జట్టునకు అమ్మివేసినందున శాపము తగిలినదని గూడ కొందరు చెప్పుకొనిరి. మూసియుంచిన తలుపును చూడక శాపమును వెదకుట యేమి వివేకము? రాబిన్సన్‌వంటివానిని గుమ్మమునుండి పంపివేసిన జట్టు ఓడుటకు కారణము నక్షత్రములలో వెదకనక్కరలేదు.

ఈ లోపమును ఎత్తి చూపినవాడు, చిత్రముగా, అభిమానులు గర్విష్ఠియని యెంచిన టెడ్ విలియమ్స్. 1966లో బేస్‌బాలు కీర్తిమందిరమున తనకు స్థానమిచ్చిన సభలో మాటలాడుచు, నీగ్రో లీగులని పేరొందిన ప్రత్యేక పోటీలలో ఆడిన సాచెల్ పేజ్, జాష్ గిబ్సన్‌లకు గూడ అచట చోటు దొరకవలెనని అతడు ఆకాంక్షించెను. 1971లో పేజ్‌కును, 1972లో గిబ్సన్‌కును ఆ గౌరవము లభించెను. గిబ్సన్ దానిని చూచుటకు లేడు. రాబిన్సన్ ప్రవేశమునకు మూడు నెలల ముందే, 1947 జనవరిలో, 35వ యేట అతడు మరణించెను. 2024లో ఆ లీగుల లెక్కలను ప్రధాన లెక్కలతో కలిపినపుడు, జీవితకాలపు సగటులలో గిబ్సన్ 0.372 తో అందరికంటె ముందు నిలిచెను. అంతవరకు ప్రథముడని తలచిన టై కాబ్ సగటు 0.367. అంకెలు అబద్ధమాడవందురు. నిజమే, కాని ఎవరి యంకెలను వ్రాయవలెనో నిర్ణయించువారు మనుష్యులే.

అభిమానులు అభిప్రాయములు మానుకొనవలెనని యెవరును కోరరు. అభిప్రాయము లేని ప్రేక్షకుల నడుమ ఆట చప్పబడిపోవును. టిక్కెట్టు కొని, చలిలో కూర్చుండి, జట్టుతోపాటు నవ్వి యేడ్చినవానికి మాటలాడు హక్కు కలదు. కాని తీర్పు చెప్పువానికి తూనిక నేర్పు గూడ కావలయును. ఒక్క దినమును చూచి మాటలాడుచున్నానా, అనేక సంవత్సరములను చూచియా? ఆటను తూచుచున్నానా, మర్యాదనా? అందరు పంచుకొనవలసిన యోటమిని ఒక్కని మెడకు కట్టుచున్నానా? ఆడుటకు అవకాశమే దొరకనివా డెవడైన బయట నిలిచియున్నాడా? తీర్పు చెప్పుటకు ముందు ఈ నాలుగు ప్రశ్నలను అభిమాని తనకు తాను వేసికొనవలయును.

ఈ ప్రశ్నలు పెద్ద జట్లకు మాత్రమే పరిమితములు కావు. బడి మైదానమున చేతికి వచ్చిన క్యాచిని జారవిడిచిన బాలుడొకడుండును. జట్లు పంచుకొనునపుడు ఎవరును పిలువక గట్టున నిలిచిన బాలుడు మరియొకడుండును. మొదటివాని భుజముపై చేయి వేయువాడును, రెండవవానిని లోనికి పిలుచువాడును నిజమైన క్రీడాభిమాని.